సెకండ్ హ్యాండ్ టెలి లెన్స్ కొంటున్నారా? టార్చ్ వేసి చూడందే డబ్బు కట్టకండి

గన్నవరంలో దిగే విమానాల ఫొటోలు తీసే విజయవాడ, గుంటూరు మిత్రులారా, దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపే పాత 150-600 ఎంఎం టెలి లెన్స్ బేరమాడే ముందు ఇది చదవండి.

విజయవాడలోనే ఒక షాపులో 42 వేలు పోసి కొన్నాను. పైకి ఒక్క గీత లేదు. తీరా ఫొటోలు చూస్తే విమానం ముక్కు, కాక్‌పిట్ అద్దాలు స్పష్టంగా ఉన్నాయి. కుడివైపు తోక దగ్గర వీటీతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ అక్షరాలు మాత్రం అలికేసినట్టు ఉన్నాయి. షాపాయన్ని అడిగితే "రన్‌వే వేడికి అంతే సార్" అన్నాడు. ఇంకోసారి వెళ్తే షట్టర్ స్పీడ్ పెంచమన్నాడు. చివరికి కంప్యూటర్లో షార్ప్‌నెస్ పెంచుకోమన్నాడు.

వేడి సంగతి అబద్ధం కాదు. మన ఎండల్లో పొద్దెక్కాక రన్‌వే మీంచి లేచే గాలికి ఎంత ఖరీదైన లెన్స్‌లోనైనా విమానం అంచులు వంకర్లు పోతాయి. కానీ ఆ మసక ఒకచోట నిలవదు, ఫొటో ఫొటోకీ మారుతుంది. లెన్స్ లోపల గ్లాసు పక్కకు ఒరిగితే మాత్రం ప్రతి ఫొటోలోనూ అదే వైపు మసక. తేల్చుకుందామని తెల్లవారాక చల్లటి వేళ గోడకి న్యూస్‌పేపర్ అంటించి, ట్రైపాడ్ మీద ఫుల్ జూమ్‌లో తీశాను. పేపర్ కుడివైపు అక్షరాలు పోయాయి. లెన్స్‌ని ట్రైపాడ్‌కి పట్టి ఉంచే కాలర్ వదులు చేసి కెమెరాని తలకిందులుగా తిప్పి తీస్తే ఈసారి ఎడమవైపు అక్షరాలు పోయాయి. ఇక గాలిని అనడానికేముంది!

షట్టర్ సలహా కూడా అంతే. జెట్‌కి 1/1000 సెకను షట్టర్ స్పీడ్ సరిపోతుంది, ఇంకా పెంచనక్కర్లేదు. ప్రొపెల్లర్ ఫ్యాన్లతో ఎగిరే ఏటీఆర్ విమానానికి అదే పెడితే ఆ ఫ్యాన్ ఆగిపోయినట్టు పడుతుంది, అక్కడ పెంచడం కాదు, 1/250కి దిగాల్సిందే. షార్ప్‌నెస్ పెంచితే పోయిన అక్షరాలు తిరిగి రావు, తోక చుట్టూ తెల్ల గీత వస్తుంది, అంతే.

రిపేరు మెకానిక్ విప్పితే లోపల ఫంగస్ (బూజు) తుడిచిన మరకలు, ఒక స్క్రూ వదులు. అంటే ముందే ఎవరో విప్పి, సరిగ్గా బిగించకుండా అమ్మేశారు. ఇది తెలిసీ దాచడం మోసం కాక మరేంటి?

కాబట్టి మీ కెమెరా వెంట తీసుకెళ్లండి, పేపర్ టెస్ట్ షాపులోనే చేయండి. లెన్స్ వెనక నుంచి టార్చ్ కొట్టి ముందు నుంచి చూడండి. సాలెగూడులాంటి దారాలు కనిపిస్తే వచ్చేయండి. కృష్ణ ఒడ్డు తేమకి ఫంగస్ త్వరగా పడుతుంది. ముందే ఎవరైనా విప్పారేమో, స్క్రూల తలలు అరిగాయా చూడండి. బిల్లు మీద సీరియల్ నంబర్, రిటర్న్ గడువు రాయించుకోండి.

డబ్బు వెనక్కి ఇవ్వనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బిల్లులో గడువు రాయకపోతే లోపమున్న సరుకుని 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనంటే కుదరదు. మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. నేను కాగితాలు సిద్ధం చేస్తున్నాను.