వడకట్టిన నీళ్లా, కాచిన నీళ్లా: జైన అతిథి ఇంటికొస్తే

తిరుపతిలో జైన కుటుంబం భోజనానికొస్తే కూర కంటే ముందు నీళ్లు చూసుకోవాలి. జైనులకు నీటిలో పురుగులే కాదు, నీళ్లే జీవం: అప్కాయం, స్పర్శ ఒక్కటే ఉన్న ప్రాణి.

వడకట్టడం తేలిక. దళసరి నూలు గుడ్డను రెండు మడతలేసి, బిందె మూతి మీద కొంచెం గుంటగా పరిచి, నీళ్లు నెమ్మదిగా పోయాలి. గుడ్డను పిండకూడదు, ఎండలో ఆరేయకూడదు. అందులో చిక్కిన ప్రాణులు పోతాయి. తిరగేసి, వడకట్టిన నీళ్లతోనే కడిగి, ఆ కడుగునీళ్లు తెచ్చిన చోటికే చేర్చాలి. బావి ఉన్న ఇంట్లో అది కుదురుతుంది, బోరు నీళ్లకు కుదరదు. మనూళ్లో ఎక్కువ ఇళ్లలో చిక్కు ఇక్కడే. పైగా ఆ నీళ్లు 48 నిమిషాలే పనికొస్తాయి, తర్వాత మళ్లీ వడకట్టాలి.

వడకట్టాక మూడు పొంగులు వచ్చేదాకా కాస్తే ఆ నీళ్లు నిర్జీవం. జైనుల్లో ఒక శాఖ అయిన శ్వేతాంబరుల లెక్కలో అవి ఎండాకాలం 5 జాములు, అంటే 15 గంటలు పనికొస్తాయి. చలికాలం 12, వానాకాలం 9 గంటలు. కాచేటప్పుడు నీటి జీవం పోతుంది నిజమే, కానీ ఆ గడువులోపల కొత్తది పుట్టదని వారి వాదన. చల్లారలేదని పచ్చినీళ్లు కలిపితే అంతా వృథా. వెడల్పు పళ్లెంలో ఆరబెట్టాలి.

గృహస్థులైతే వడకట్టినవి చాలామందికి సరిపోతాయి, అడిగి ఇవ్వండి. సాధువులకు మాత్రం కాచినవే, అవీ వారి కోసమని ప్రత్యేకంగా కాచినవి కాకూడదు.