కైహాన్ కల్హోర్ "ది రెయిన్" సీడీ, కొనొచ్చా?

పర్షియన్ (ఇరానీ) క్లాసికల్ సంగీతం వినాలని ఉంది కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు అనేవాళ్ళకి నేనైతే ఇదే చెప్తా. కైహాన్ కల్హోర్ 1963లో టెహ్రాన్‌లో పుట్టాడు, పదమూడేళ్ళకే ఇరాన్ రేడియో టీవీ ఆర్కెస్ట్రాలో వాయించాడు, తర్వాత చెల్లో వాద్యకారుడు యో-యో మా పెట్టిన, రకరకాల దేశాల సంగీతకారులుండే సిల్క్ రోడ్ బృందంలోనూ ఉన్నాడు. ఆయన వాయించేది కమాంచె, అంటే బౌతో వాయించే ఇరానీ తీగ వాయిద్యం, నాలుగు తీగలు, గుండ్రటి చిన్న బుర్ర, కింద ఒక మేకులాంటి కాలు. మన కర్ణాటక వయొలిన్ లాగా పాదం మీద ఆనించరు, నిలువుగా పెట్టుకుని తీగ మారాలంటే బౌని కాదు వాయిద్యాన్నే తిప్పుతారు, యూట్యూబ్‌లో ఒకసారి చూడండి భలే ఉంటుంది.

ఈ సీడీలో ఆయనతో పాటు సితార్ షుజాత్ ఖాన్ (సితార్ విద్వాంసుడు విలాయత్ ఖాన్ గారబ్బాయి), తబలా సందీప్ దాస్. 2001లో స్విట్జర్లాండ్ బెర్న్‌లో లైవ్‌గా రికార్డు చేసి 2003లో ఈసీఎం అనే రికార్డు కంపెనీ వాళ్ళు వదిలారు, గ్రామీ నామినేషన్ కూడా వచ్చింది. మొత్తం మూడే ట్రాకులు, ఒక్కోటీ చాలా పెద్దది. మొదటి దాన్లో కమాంచె గొంతు జీరపోయినట్టు సన్నగా మొదలై, సితార్ అందుకుని, తబలా వచ్చేసరికి ఇద్దరూ ఒకరి మాట ఒకరు లాక్కుంటున్నట్టే ఉంటుంది, మధ్యలో షుజాత్ గారు పాడతారు కూడా, నాకైతే అక్కడే పైసా వసూల్. రెండో ట్రాక్ కొంచెం సాగినట్టనిపించింది, తొందరలో ఉంటే దాటేయండి.

సౌండ్ మాత్రం సూపర్, హెడ్‌ఫోన్స్‌లో బౌ గీసుకునే చప్పుడు కూడా వినిపిస్తుంది. నాకు పంపిన సెల్లర్ ప్యాకింగ్ దారుణం, కేస్ పగిలొచ్చింది, డిస్క్ బానే ఉంది కాబట్టి అయిదుకి నాలుగున్నర.