యుద్ధ ఖర్చు అమెరికాకు కలిసొచ్చింది, మనకెందుకు రాలేదు?

మా చిత్తూరులో తోతాపురి సీజన్ అయిపోతే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు చాలావరకు ఖాళీ. అప్పుడు పెద్ద ఆర్డర్ వస్తే కూలీలకు పని దొరుకుతుంది. అదే జూన్‌లో, గేటు బయట కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉండగా ఇంకో ఆర్డర్ వచ్చిందనుకోండి, కూలి రేటు పెరుగుతుంది గానీ గుజ్జు పెరగదు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1940లో అమెరికాది మొదటి పరిస్థితి. మాంద్యం ఇంకా వదల్లేదు, నిరుద్యోగం 14 శాతం పైనే. ప్రభుత్వం డబ్బు కుమ్మరించింది, కార్ల ఫ్యాక్టరీలు ట్యాంకులు, విమానాలు చేశాయి. 1944కల్లా నిరుద్యోగం 1.2 శాతానికి దిగింది. అలాగని జనం సుఖపడ్డారనుకోకండి. చక్కెరకు, పెట్రోలుకు రేషన్; 1942లో కొత్త కార్ల తయారీయే ఆగింది. జీడీపీ, అంటే దేశంలో ఏడాదిలో తయారైనవాటి మొత్తం విలువ, ఆ లెక్కలో ట్యాంకు కూడా ఉంటుంది, కానీ దాన్నేసుకుని కొండకు పోలేం కదా!

1965లో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు మన దగ్గర ఖాళీగా ఉన్నవి చేతులే. యంత్రాలు, తిండిగింజలు, దిగుమతులకు కావాల్సిన విదేశీ మారకం అన్నీ కొరతే. సైన్యానికి రూపాయి పెడితే ఇంకెక్కడో కోత పడాల్సిందే. పైగా అమెరికా సాయం ఆపింది. 1966 జూన్‌లో డాలరు 4.76 రూపాయల నుంచి 7.50కి చేరింది, పంచవర్ష ప్రణాళిక మూడేళ్లు వాయిదా పడింది. పాపమంతా యుద్ధానిదే అనను, కరువు వాటా కూడా పెద్దదే.