పాత బీఎండబ్ల్యూ జెడ్4కి "ఒరిజినల్" కొత్త స్క్రీన్ వేస్తామంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

బెంగళూరులో పాత బీఎండబ్ల్యూ, పోర్షే, ఆడీ స్పోర్ట్స్ కార్లు సెకండ్ హ్యాండ్‌లో కొన్న మనవాళ్ళు చాలామందే ఉన్నారు. కారుకి ఏ వంకా ఉండదు, ఇంజిన్ ముట్టుకుంటే పలుకుతుంది. డ్యాష్‌బోర్డు మధ్యలో ఉన్న స్క్రీన్ మాత్రం పదిహేనేళ్ళ కిందటిది. ఐఫోన్ మ్యాపులు, పాటలు కారు స్క్రీన్ మీదే చూపించే కార్‌ప్లే ఉండదు, మ్యాపులో కొత్త రోడ్లు ఉండవు. ఈ ఒక్క లోటు చుట్టూ నగరంలో ఒక వ్యాపారమే నడుస్తోంది. నా జెడ్4 విషయంలో ఏం జరిగిందో చెబుతాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయను. ఇదే మాట చెప్పి అమ్మేవాళ్ళు ఒక్కరే కాదు గనక, పేరు కంటే వాళ్ళ పద్ధతి తెలియడమే మీకు ముఖ్యం.

ముందు కారు సంగతి. నాది ఈ89 మోడల్, అంటే 2009 నుంచి 2016 దాకా తయారైన జెడ్4, మెటల్ రూఫ్ మడుచుకుని డిక్కీలోకి వెళ్ళే రకం. ఇందులో ఐడ్రైవ్, అంటే పాటలు, మ్యాపులు, మెనూలు చూపించే బీఎండబ్ల్యూ స్క్రీన్ వ్యవస్థ, నడిచేది సీఐసీ అనే యూనిట్ మీద. 8.8 అంగుళాల స్క్రీన్ డ్యాష్‌బోర్డులోంచి పైకి లేస్తుంది, పని లేనప్పుడు మడుచుకుని లోపలికి పోతుంది. సీఐసీ తర్వాత 2012లో ఎన్‌బీటీ, ఆ తర్వాత ఎన్‌బీటీ ఈవో వచ్చాయి. ఫ్యాక్టరీ నుంచే కార్‌ప్లే వచ్చింది ఈవోలోనే, అదీ ఐడీ5, ఐడీ6 అని పిలిచే సాఫ్ట్‌వేర్ ఉన్నవాటిలో. సీఐసీలో లేదు, మామూలు ఎన్‌బీటీలోనూ లేదు. "ఎన్‌బీటీ వేస్తాం, ఫ్యాక్టరీ కార్‌ప్లే వస్తుంది" అని ఎవరైనా అంటే ఆ మాట దగ్గరే లేచి వచ్చేయొచ్చు.

నాకు చెప్పింది మాత్రం ఈవో అనే. షాపు ఔటర్ రింగ్ రోడ్డుకి దగ్గర్లో ఉంటుంది, ఏసీ గది, గాజు తలుపు, గోడ నిండా స్టీరింగ్ వీల్స్. నేను ఫోన్‌లో తెలుగులో మాట్లాడటం విని ఓనరు వెంటనే తెలుగులోకి దిగాడు. "మీది మదనపల్లా అన్నా? మాది పలమనేరు. మనవాళ్ళకి నేను వేరే రేటు చెప్పను. ఒరిజినల్ ఈవో, ఐడీ6, వైర్‌లెస్ కార్‌ప్లే. ఒక్క వైరు కూడా కట్ చెయ్యం, అంతా ప్లగ్ అండ్ ప్లే." లక్షా ఎనభై వేలకు ఒప్పందం కుదిరింది. జీఎస్టీ బిల్లు కావాలన్నాను. ఇచ్చాడు, కానీ అందులో "స్క్రీన్ అప్‌గ్రేడ్" అని రెండే ముక్కలు. ఆ రెండు ముక్కల వెనక ఏ స్క్రీన్ పెట్టినా చెల్లిపోతుందని వాళ్ళకి బాగా తెలుసు.

కారు చేతికొచ్చినప్పుడు చూడ్డానికి బాగానే ఉంది. ఐడీ6లాగే పలకలు పలకలుగా మెనూ, ఆన్ చెయ్యగానే బీఎండబ్ల్యూ గుర్తు. పాత స్క్రీన్‌లా మడుచుకోదు, డ్యాష్‌బోర్డు మీద నిలబడిపోయి ఉంటుంది. అడిగితే "పెద్ద స్క్రీన్ కదన్నా, మడవడం కుదరదు" అన్నారు.

అసలు రంగు బయటపడింది సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు. ఊరికే స్క్రీన్ పైనుంచి కిందికి వేలితో లాగాను. మన ఫోన్లలో వచ్చే నోటిఫికేషన్ పరదా దిగింది, వైఫై, బ్లూటూత్, బ్రైట్‌నెస్ గీతతో సహా. ఇంకొంచెం వెతికితే ప్లే స్టోర్ కనిపించింది. ఈవోలో నడిచేది క్యూఎన్‌ఎక్స్ అనే వేరే సాఫ్ట్‌వేర్, అందులో ప్లే స్టోర్ ఉండే ప్రశ్నే లేదు. నాకు అంటగట్టింది మామూలు ఆండ్రాయిడ్ స్క్రీన్, దాని మీద ఐడీ6 బొమ్మ వేశారంతే. పైన పటారం, లోన లొటారం.

ఆండ్రాయిడ్‌లోనూ మళ్ళీ ఇంకో మోసం. సెట్టింగ్స్‌లో "ఆండ్రాయిడ్ 13" అని రాసి ఉంది. లోపల నిజంగా ఏముందో చూపించే సీపీయూ-జెడ్ యాప్ వేసి చూస్తే ఏపీఐ లెవెల్, అంటే ఆండ్రాయిడ్ అసలు వెర్షన్‌ని తెలిపే నంబరు, 29 అని చూపించింది. 29 అంటే ఆండ్రాయిడ్ 10. ఆండ్రాయిడ్ 13 అయితే 33 ఉండాలి. సెట్టింగ్స్‌లో కనిపించే వెర్షన్ పేరు, ర్యామ్ లెక్క వట్టి అక్షరాలు, అమ్మేవాడు తనకి నచ్చింది రాసుకోవచ్చు. షాపులో ఉన్నప్పుడే ఈ యాప్ వేసి చూడటానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. "ఇంటర్నెట్ లేదు, డెమో పీస్ అన్నా" అంటే మీ ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చి అయినా చూడండి.

ఆండ్రాయిడ్ స్క్రీన్ అంటేనే చెత్త అని నేను అనడం లేదు. అదేమిటో తెలిసి, దాని ధరకే కొనుక్కుంటే చాలామందికి అది సరిపోతుంది. అయితే అది ఎలా పని చేస్తుందో తెలియాలి. ఈ స్క్రీన్ పాత యూనిట్‌ని తీసేయదు. సీఐసీ లోపల అలాగే ఉంటుంది, స్క్రీన్ దాని ముందు కూర్చుంటుంది. కార్‌ప్లేలో పాట పెడితే ఆ శబ్దం ఆక్స్ (బయటి పరికరం శబ్దం తీసుకునే ఇన్‌పుట్) ద్వారా సీఐసీలోకి వెళ్ళి, అక్కడి నుంచి స్పీకర్లకు పోతుంది. పొరపాటున రేడియోకి మారితే మ్యాప్ గొంతు కూడా మాయం. "ఒరిజినల్" అని లక్షలు పోసినవాడికి ఇది ఎక్కడి ఖర్మ చెప్పండి.

అంతటితో పోతే ఇంత రాసేవాణ్ణి కాదు. అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. కారు నాలుగు రోజులు కదపకుండా ఉంచితే స్టార్ట్ అవ్వడం మానేసింది. స్టార్ట్ అయినప్పుడు కూడా గతుకుల్లో ఉన్నట్టుండి మొత్తం శబ్దం ఆగిపోయేది, పాట, ఫోన్, పార్కింగ్ సెన్సర్ కూత, అన్నీ ఒక్కసారే. షాపుకి ఫోన్ చేస్తే "పాత కారు కదన్నా, బ్యాటరీ వీక్ అయి ఉంటుంది, మార్చండి" అన్నారు. బ్యాటరీ మార్చినా అదే కథ.

హోసూరు రోడ్డు వైపు జర్మన్ కార్లు మాత్రమే చూసే ఒక పెద్దాయన, మెకానిక్, దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ముందు స్క్రీన్ జోలికే పోలేదు. కారు లాక్ చేసి, టీ తాగి, అరగంట తర్వాత బ్యాటరీ వైరుకి క్లాంప్ మీటర్ తగిలించాడు. నిద్రపోయిన కారు 50 మిల్లీయాంప్స్ లోపే లాగాలి. మీటరు 600 దగ్గర నిలబడింది. అంటే రోజుకి 14 ఆంపియర్ అవర్స్ పైనే పోతున్నాయి. 80 ఆంపియర్ అవర్స్ బ్యాటరీ ఎన్నాళ్ళు తట్టుకుంటుందో మీరే లెక్క వేసుకోండి. ఆన్ చెయ్యగానే స్క్రీన్ తొందరగా వెలగాలని, ఇగ్నిషన్‌తో పాటు ఆరిపోవాల్సిన వైరుని నేరుగా ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకి కలిపేశారు. కారు ఆపినా స్క్రీన్ పూర్తిగా నిద్రపోదు.

తర్వాత డ్యాష్‌బోర్డు విప్పాడు. నన్ను పిలిచి టార్చి వేసి చూపించాడు. "ఒక్క వైరు కట్ చెయ్యం" అన్నచోట రెండు వైర్ల పైతొడుగు గీకి, రాగి తీగకి ఇంకో తీగ మెలిపెట్టి, నల్ల టేపు చుట్టారు. ఎండకి టేపు జిగురు కరిగి కిందికి జారింది, రాగి బయటికి కనిపిస్తోంది. పక్కనే ప్లాస్టిక్ తొడుగులో సన్నటి ఫైబర్ కేబుల్ ఉంది. దాన్ని ఎల్ ఆకారంలో మడిచి, మిగతా వైర్లతో కలిపి జిప్ టై బిగించి కట్టేశారు.

ఆ ఫైబరే అసలు ముఖ్యం. ఈ కార్లలో శబ్దం రాగి తీగ మీద కాకుండా ఎర్రటి కాంతి రూపంలో ఫైబర్‌లో ప్రయాణిస్తుంది. దీన్నే మోస్ట్ అంటారు. యూనిట్లన్నీ ఒక వలయంగా కలిసి ఉంటాయి. వలయంలో ఒక్కచోట కాంతి ఆగినా మొత్తం వ్యవస్థ మూగబోతుంది. ఈ ఫైబర్‌ని 25 మిల్లీమీటర్ల వ్యాసార్థం కంటే బిగుతుగా వంచకూడదు. ఆండ్రాయిడ్ స్క్రీన్ వేసేటప్పుడు ఈ ఫైబర్‌ని పాత ప్లగ్‌లోంచి తీసి కొత్త ప్లగ్‌లోకి మార్చాలి, చెయ్యి తెలిసినవాడు చెయ్యాల్సిన పని అది. పెద్దాయన జిప్ టై కత్తిరించి ఫైబర్‌ని నిదానంగా సరిచేసి చివర చూపించాడు. ఎర్రటి చుక్క వెలుగుతోంది గానీ కుంపట్లో ఆఖరి నిప్పులా మసగ్గా ఉంది. ఆ ముక్క మార్చాక శబ్దం మళ్ళీ ఆగలేదు.

ఇక నాకు ఎక్కువ మండింది పాత స్క్రీన్ విషయంలో. "రేపు వచ్చి తీసుకెళ్ళండన్నా" అన్నారు, ఆ రేపు రాలేదు. తర్వాత "అది ఎక్స్ఛేంజ్ కింద పోయింది" అన్నారు. ఎక్స్ఛేంజ్ మాటే ఎప్పుడూ రాలేదు, వాట్సాప్ చాట్ మొత్తం నా దగ్గర ఉంది. ఈ89లో మడుచుకునే స్క్రీన్ వేరే కార్ల స్క్రీన్లలాంటిది కాదు, సులువుగా దొరకదు. అది లేకుండా కారుని పాత స్థితికి తేలేను, ఎవరికైనా అమ్మాలన్నా ధర తగ్గుతుంది. మీరు ఏ షాపులో ఏ పని చేయించినా, తీసిన ప్రతి వస్తువూ అదే రోజు మీ డిక్కీలోకి రావాలని బిల్లు మీదే రాయించండి.

కొన్ని షాపులు నిజంగానే స్క్రాప్ కారులోంచి తీసిన ఈవో తెచ్చి పెడతాయి. అదీ అంత తేలిక కాదు. ఈ89లో యూనిట్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే కే-క్యాన్ అనే లైను 100 కేబీపీఎస్ వేగంతో నడుస్తుంది, ఈవో వచ్చిన కార్లలో కే-క్యాన్2 వేగం 500. ఒకదాని భాష ఇంకొకదానికి అర్థం కావడానికి మధ్యలో ఎమ్యులేటర్ పెట్టాలి. దాని నాణ్యత మీదే అంతా ఆధారపడి ఉంటుంది. అది ఎక్కడిది, పాడైతే మార్చిస్తారా అన్నది ముందే రాతలో తీసుకోండి. యూనిట్ ఏ కారుదో కూడా అడగండి. 2022 సెప్టెంబర్ వానలకి యెమలూరు వైపు విల్లాల్లో ఖరీదైన కార్లు మునిగిన ఫోటోలు మీరూ చూసే ఉంటారు. చెన్నైలో 2015 డిసెంబర్‌లోనూ అంతే. నీట మునిగిన యూనిట్ అయితే వెనక ప్లగ్ పిన్నుల దగ్గర పచ్చటి చిలుము కనిపిస్తుంది. టార్చి వేసి చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.

కార్‌ప్లే ఒక్కటే కావాలనుకుంటే, సీఐసీకీ స్క్రీన్‌కీ మధ్య కూర్చునే చిన్న బాక్సులు దొరుకుతాయి. పాత స్క్రీన్ అలాగే ఉంటుంది, మడుచుకుంటుంది, వద్దనుకుంటే తీసేయొచ్చు. నన్నడిగితే ఈ కారుకి అదే నయం. పోర్షే 986 బాక్‌స్టర్, 996 మోడల్ 911 ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. వాటి కోసం కంపెనీయే 2020లో కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఫోన్లకి అలాంటిదే అయిన ఆండ్రాయిడ్ ఆటోతో పీసీసీఎం ప్లస్ అనే యూనిట్ తెచ్చింది. ధర ఎక్కువే, కానీ ఆ డ్యాష్‌బోర్డు కోసమే చేసింది.

ఇన్సూరెన్స్ మాట కూడా వినండి. కారుతో రాని ఎలక్ట్రానిక్ సామాన్లు పాలసీలో విడిగా చూపించాలి, దాన్ని ఐఎంటీ 24 అంటారు. చూపించకపోతే స్క్రీన్ పోయినప్పుడు క్లెయిమ్ రాదు. గీకిన వైర్ల వల్ల షార్ట్ సర్క్యూట్ అయితే వచ్చే వాదనలు వేరే.

నేను ముందు 1915కి ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు. షాపు స్పందించకపోవడంతో ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు పెట్టాను. కొన్న విలువ అయిదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. సంఘటన జరిగిన రెండేళ్ళ లోపు వెయ్యాలి. బిల్లు, యూపీఐ రసీదు, వాట్సాప్ చాట్, ఏపీఐ లెవెల్ స్క్రీన్‌షాట్, మీటర్ మీద 600 కనిపిస్తున్న ఫోటో జత చేశాను. "ఒరిజినల్ ఈవో" అని ఓనరు పంపిన వాయిస్ మెసేజ్ కూడా ఉంది, అందుకే నోటిమాట ఒప్పందాలన్నీ వాట్సాప్‌లో ఇంకోసారి అడిగి చెప్పించుకోండి.

తీర్పు వచ్చాక ఇక్కడే రాస్తాను. ఈలోపు ఈ89 మడుచుకునే 8.8 స్క్రీన్ ఎవరి దగ్గరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. మోటారు పాడైనా పర్వాలేదు, గాజు పగలకుండా ఉంటే చాలు.