నదివైపు గాజుగోడ: కొన్నేళ్ల వాడకం తర్వాత

విజయవాడ భవానీపురంలోని మా ఇంటి మేడమీద, కృష్ణకు ఎదురుగా, నేలనుంచి పైకప్పు దాకా లామినేటెడ్ గాజునే (రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించిన గాజు) గోడగా నిలబెట్టుకుని కొన్నేళ్లయింది. ఈ ఆలోచనకు మూలం విలాస నౌకలు. యాపిల్ సహవ్యవస్థాపకుడు స్టీవ్ జాబ్స్ కోసం రూపొందించగా 2012లో నీటిలోకి దిగిన వీనస్ నౌకకు బరువు మోయగల గాజు కావలసివచ్చి, ఆ పనిని యాపిల్ దుకాణాల ప్రధాన ఇంజనీరుకు అప్పగించారు. అదే ఏడాది పెద్ద విలాస నౌకల గాజు పటుత్వంపై ఐఎస్ఓ 11336 అనే అంతర్జాతీయ ప్రమాణం మొదటి భాగం కూడా వెలువడింది.

గాజు మందం గురించి అందరూ అడుగుతారు గానీ, నా అనుభవంలో దాని ఆయుష్షును నిర్ణయించేది అంచు. మా గోడలో రెండు 12 మిల్లీమీటర్ల టఫెన్డ్ (వేడిచేసి చల్లార్చి గట్టిపరచిన) పలకల నడుమ అయనోప్లాస్ట్ అనే గట్టి ప్లాస్టిక్ పొర ఉంది. రెండూ కలిసి చదరపు మీటరుకు దాదాపు 60 కిలోలు తూగే ఆ పలకలు ఈదురుగాలిలో అరచేయి ఆనించి చూసినా కదిలినట్టు అనిపించవు, అంచులు నేటికీ తేటగా ఉన్నాయి. బాల్కనీ రెయిలింగుకు మాత్రం గుత్తేదారు పీవీబీ అనే మెత్తని ప్లాస్టిక్ పొర ఉన్న గాజు తెచ్చి, నీరు పోయే రంధ్రాలు లేని లోహపు గాడిలో కూర్చోబెట్టి, వెనిగర్ వాసన వేసే సిలికాన్‌తో సందులు పూడ్చి వెళ్లాడు. పీవీబీ తేమను పీల్చుకుంటుంది, ఆ సిలికాన్ వదిలే ఆమ్లం దానికి పడదు. వానాకాలాలు గడిచేకొద్దీ కింది మూలలో వేలెడు వెడల్పున తెల్లటి మసక పాకింది. దగ్గరగా చూస్తే రెండు పలకల మధ్య సన్నని బుడగలు బారులు తీరి కనిపించేవి. టఫెన్డ్ గాజును తయారయ్యాక కోయడం కుదరదు కాబట్టి, చెడింది మూలే అయినా పలక మొత్తం మార్చవలసివచ్చింది.

నౌకల్లో గాజును లోహానికి సాగే గుణమున్న జిగురుతో అతికించేది అలల తాకిడికి పొట్టు వంగినప్పుడు ఆ కదలికను సందు భరించాలనే. మన మే ఎండల్లో ఇంటికీ ఆ అవసరం ఉంది, ఎందుకంటే అల్యూమినియం గాజుకన్నా రెండున్నర రెట్లు వ్యాకోచిస్తుంది. సందును ఇరుకు చేయనివ్వకండి, ఆమ్లం వదలని న్యూట్రల్ సిలికానే అడగండి.

వేడి విషయంలో భయపడినంత లేదు. దక్షిణముఖం గోడ కావడంతో, వేసవిలో నడినెత్తికెక్కే సూర్యుణ్ణి మూడడుగుల చూరు ఆపేస్తుంది. నేరుటెండ గదిలోకి వచ్చేది ప్రధానంగా చలికాలంలోనే. పడమటి గోడకైతే ఈ ఏర్పాటు నేను సూచించను. బోరు నీళ్లతో కడిగితే ఉప్పుమరకలు పట్టి వదలవు, ఫిల్టరు నీళ్లే వాడాలి.

కొనేముందు హీట్ సోక్ పరీక్ష పత్రం తప్పక అడగండి. టఫెన్డ్ గాజులో నికెల్ సల్ఫైడ్ అనే మలినపు రేణువు మిగిలిపోతే, ఏళ్ల తర్వాత ఏ దెబ్బా తగలకుండానే పలక పగలవచ్చు. కొలిమిలో మళ్లీ వేడిచేసి నిలిపే ఆ పరీక్షలో అలాంటి పలకలు చాలావరకు అక్కడే పగిలిపోతాయి. రెయిలింగుకు కొత్త పలక తెప్పించినప్పుడు ఆ పత్రం చేతికి వచ్చాకే మిగతా డబ్బు చెల్లించాను.