సాల్టేర్: సాంచాల చప్పుడు ఆగిన మిల్లు ఊరు

మా అమ్మ పెరిగింది వరంగల్‌లో, ఆజంజాహి మిల్లు సైరన్ వినపడేంత దగ్గర్లో. తాత ఆ మిల్లులోనే సాంచాల మీద, అంటే మర మగ్గాల మీద పనిచేశాడు. ఇంట్లో గడియారం లేకపోయినా ఫరక్ పడేది కాదట, సైరన్‌ను బట్టే అన్నం పొయ్యి మీదికెక్కేది. 1934లో నిజాం తన పెద్ద కొడుకు పేరు మీద పెట్టించిన ఆ మిల్లు 2002లో మూతపడింది. యంత్రాలు పోయాయి, గోడలు కూలాయి, జాగా ప్లాట్లయింది. ఆ సంగతి తెలిసే ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో చదువుతున్న మా చెల్లి, మేము వెళ్లినప్పుడు లండన్ తర్వాత మొట్టమొదట సాల్టేర్ పేరు రాసి పెట్టింది. బ్రాడ్‌ఫర్డ్ నగరానికి ఐదారు కిలోమీటర్ల దూరంలో, ఒక మిల్లు యజమాని తన కూలీల కోసం కట్టించిన ఊరు అది. అమ్మకేమో కోటలు, రాణిగారి భవనాలు చూడాలని ఉండె. "మిల్లు చూడనీకి గింత దూరం రావాల్నా బిడ్డా?" అంది రైలెక్కుతూ.

లీడ్స్ నుంచి రైల్లో పావుగంట ప్రయాణం. బ్రాడ్‌ఫర్డ్‌లోని ఫోర్‌స్టర్ స్క్వేర్ స్టేషన్ నుంచైతే పది నిమిషాలు కూడా పట్టదు. స్టేషన్ చిన్నది, రెండు ప్లాట్‌ఫారాలు. దిగి తలెత్తితే పక్కనే మిల్లు. లేత పసుపు రాయి, ఆరంతస్తులు, వరుసగా లెక్కపెట్టలేనన్ని కిటికీలు. పొడవు 545 అడుగులు. లండన్‌లో ముందురోజు చూసిన సెయింట్ పాల్స్ చర్చి పొడవు కూడా అంతేనట. కట్టినవాళ్లు కావాలనే అలా కట్టారని చెబుతారు, నేను నమ్ముతాను. పెట్టుబడిదారుడికి మిల్లే గుడి.

ఆ పెట్టుబడిదారుడు టైటస్ సాల్ట్. ఇంటి పేరు సాల్ట్, ఊరి పక్కన పారే నది ఎయిర్, రెండూ కలిస్తే సాల్టేర్. ఉప్పుకీ ఈ ఊరికీ ఏ సంబంధమూ లేదు. ఆయన ఉన్ని వ్యాపారి. 1836లో లివర్‌పూల్ గోదాములో ఎవరూ కొనక పడి ఉన్న అల్పాకా ఉన్ని మూటలు ఆయన కంటపడ్డాయి. దక్షిణ అమెరికా కొండల్లో తిరిగే, ఒంటెకు చుట్టమైన చిన్న జంతువు అల్పాకా. దాని ఉన్నిని మిల్లులో వడకడం ఎలాగో పట్టుకున్నాడు. పట్టులా మెరిసే బట్ట తయారైంది, డబ్బు వరదలా వచ్చింది.

అప్పటి బ్రాడ్‌ఫర్డ్‌లో ఊపిరి పీల్చడమే కష్టం. చుట్టూ మిల్లు గొట్టాల పొగ, మురుగు నీళ్లు, 1849లో కలరా. సాల్ట్ ఆ రోజుల్లో నగర మేయరు. పొగ తగ్గించే యంత్రం తన మిల్లుల్లో పెట్టుకున్నాడు, తోటి యజమానులు మాత్రం వినలేదు. చివరికి నగరంలోని తన మిల్లులన్నిటినీ ఒకచోటికి చేర్చి, రైలు, కాలువ, నది మూడూ పక్కపక్కన ఉన్న ఈ లోయలో కొత్త మిల్లు కట్టాడు. తన 50వ పుట్టినరోజు, 1853 సెప్టెంబర్ 20న దాన్ని తెరిచి, ఉన్ని దువ్వే షెడ్డులోనే వేల మందికి విందు పెట్టాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఇళ్లు, చర్చి, బడి, ఆసుపత్రి, వృద్ధుల ఇళ్లు, పార్కు ఒక్కొక్కటిగా వచ్చాయి. భవనాల నక్షాలు లాక్‌వుడ్, మాసన్ అనే జోడీవే. ఊళ్లో వాళ్ల పేర్లతో కూడా చెరో వీధి ఉంది.

వీధుల పేర్లు చదువుతూ తిరగడం ఇక్కడ మంచి కాలక్షేపం. కారొలైన్ ఆయన భార్య. జార్జ్, అమీలియా, ఎడ్వర్డ్, ఫానీ, హెర్బర్ట్, హెలెన్, ఏడా అందరూ ఆయన పిల్లలు. పదకొండు మంది సంతానం మరి, వీధులకు పేర్ల కరువు రాలేదు. ఇళ్లు 800కు పైగా, అన్నీ వరుసలుగా అతుక్కుని ఉంటాయి. కాస్త పరికించి చూస్తే మధ్యలో మామూలు కూలీల రెండంతస్తుల ఇళ్లు, కొన్నిచోట్ల ముందు చిన్న తోట ఉన్న మేస్త్రీల ఇళ్లు, ఊరి అంచున ఆల్బర్ట్ రోడ్డు మీద మేనేజర్ల పెద్ద ఇళ్లు. ఎవరి హోదా ఎంతో గడపే చెప్పేస్తుంది. అమ్మ ఇది నాకంటే ముందు కనిపెట్టింది. "క్వార్టర్లు ఏడన్నా గంతే" అంది.

అయినా ఆ కాలానికి ఇంటింటికీ గ్యాస్ దీపం, నీళ్లు, సొంత మరుగుదొడ్డి అంటే మాటలు కాదు. దానికి బదులు నిబంధనలున్నాయి. ఊళ్లో సారా దుకాణం ఉండకూడదు. ఉతికిన బట్టలు వీధుల్లో ఆరేయడం దొరకు నచ్చదు, అందుకే ఉమ్మడి చాకిరేవు భవనం కట్టించాడు. పార్కులో తాగుడు, జూదం, బూతులు నిషేధం. కార్మిక సంఘాలంటే ఆయనకు గిట్టేది కాదు. పిల్లలు సగం పూట మిల్లులో, సగం పూట బడిలో. ఇవన్నీ తెలిశాక ఆ అందమైన వీధుల్లో నడుస్తుంటే నాకు రెండు రకాలుగా అనిపించింది. మంచివాడే, కాదనను. కానీ ఇల్లూ, బడీ, గుడీ, జీతమూ ఒకే చేతిలో ఉంటే ఆ చేతికి ఎదురు చెప్పేదెవరు? ఇప్పుడు విక్టోరియా రోడ్డు మీద ఒక బార్ ఉంది. పేరుకు అర్థం 'టైటస్‌కి చెప్పకండి' అని. చెల్లి ఆ బోర్డు ముందు ఫోటో దిగింది.

మొదటి రాత్రి ఊళ్లోనే ఉందామని ఒక పాత కూలీ ఇల్లు ఆన్‌లైన్‌లో అద్దెకు తీసుకున్నాం. ఫోటోల్లో ముచ్చటగా ఉంది, లోపలా ముచ్చటగానే ఉంది. కానీ మెట్లు! నిచ్చెనకు తివాచీ పరిచినట్టున్నాయి. పడక గది పైన, స్నానాల గదీ పైనే. మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఒక్కో మెట్టూ కూర్చుని దిగింది. రాత్రి పదింటికి హీటర్ దానంతటదే ఆగిపోయింది. ఇంటి యజమానికి మెసేజ్ పెడితే జవాబు పొద్దున వచ్చింది. ఏప్రిల్ చివర్లో కూడా ఈ యార్క్‌షైర్ ప్రాంతపు చలి మామూలుగా ఉండదు, ముగ్గురం స్వెట్టర్లు వేసుకునే పడుకున్నాం. ఇంత చెప్పినా మళ్లీ వెళ్తే అక్కడే ఉంటానేమో. పగటి జనమంతా వెళ్లిపోయాక, దీపాల వెలుగులో ఆ రాతి వీధులు మనకే మిగులుతాయి. పెద్దవాళ్లు వెంట ఉంటే మాత్రం వద్దు. రెండో రాత్రి బ్రాడ్‌ఫర్డ్ స్టేషన్ దగ్గర మామూలు హోటల్లో దిగాం. లిఫ్టు, వేడి గది, కెటిల్, ఉదయం టిఫిను, అన్నీ సవ్యంగా ఉన్నాయి. కిటికీలోంచి కార్ల పార్కింగ్ తప్ప ఏమీ కనపడదు. అమ్మ మార్కులు మాత్రం దీనికే.

మిల్లు లోపలికి టికెట్ లేదు. మేము వెళ్లినప్పుడు సోమ, మంగళవారాలు మూసి ఉంచుతున్నారు, కాబట్టి రోజు చూసుకుని బయల్దేరండి. 1986లో ఇక్కడ నేత ఆగిపోయింది. ఇంత కట్టడాన్ని ఏం చేయాలో ఎవరికీ తోచని టైములో, 1987లో జొనాథన్ సిల్వర్ అనే స్థానిక వ్యాపారి కొన్నాడు. అదే బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టిన చిత్రకారుడు డేవిడ్ హాక్నీ ఆయనకు స్నేహితుడు, ఇద్దరిదీ ఒకే బడి. హాక్నీ బొమ్మలతో కింది అంతస్తులో గ్యాలరీ తెరిచాడు. దాని పేరు మిల్లు పుట్టిన ఏడాదే, 1853. సిల్వర్ 1997లో పోయాడు, పని ఆయన కుటుంబం నడుపుతోంది.

లోపలికి అడుగుపెడితే మొదట తగిలేది తెల్ల లిల్లీల వాసన. పెద్ద పెద్ద కుండీల నిండా అవే. పక్కన సన్నగా సంగీతం. ఇనుప స్తంభాలు, రాతి పలకల నేల మాత్రం పాతవే, ఒకప్పుడు ఉన్ని నూనె కారిన నేల అది. పుస్తకాల షాపు బాగుంది, డబ్బు వదులుతుంది. పైన డైనర్‌లో వెజిటేరియన్ దొరికింది, వడ్డన నెమ్మది కానీ మర్యాదగా అడిగి పెట్టారు. బొమ్మల దగ్గర నేను గంట గడిపాను. అమ్మ ఒక చుట్టు తిరిగొచ్చి బెంచీ మీద కూర్చుంది.

"గింత పెద్ద మిల్లుల సాంచ ఒక్కటి లేదేంది?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. యూనెస్కో 2001లో ఈ ఊరికి ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చింది, గోడలు భద్రంగా ఉన్నాయి. రోజూ వేల గజాల బట్ట నేసిన చోట ఇప్పుడు ఒక కండె కూడా తిరగదు. ఆ మాట తర్వాత బొమ్మలు చూడబుద్ధి కాలేదు.

బయటికొచ్చి రైలు పట్టాలు, కాలువ మధ్య ఉన్న చర్చికి వెళ్లాం. 1859 నాటిది. అర్ధచంద్రాకారంలో స్తంభాల వసారా, దాని మీద గోపురం, ఇటలీ తరహా. మిల్లు గేటు నుంచి నేరుగా కనపడేలా కట్టారు. సాల్ట్ సమాధి అందులోనే ఉంది. 1876 డిసెంబర్‌లో ఆయన పోతే, బ్రాడ్‌ఫర్డ్ నుంచి శవయాత్ర దారిపొడవునా లక్ష మంది నిలబడ్డారని చెబుతారు. విక్టోరియా హాలు, పాత బడి ముందు నాలుగు రాతి సింహాలున్నాయి. యుద్ధం, శాంతి, జాగరూకత, పట్టుదల అని పేర్లు. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్ కోసం చెక్కితే చిన్నవైపోయాయని, అందుకే ఇక్కడికొచ్చాయని ఊరి కథ. అర్ధరాత్రి లేచి నీళ్లు తాగడానికి వెళ్తాయన్నది ఇంకో కథ. మనూళ్లో అయితే ఈపాటికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టేవాళ్లం.

నది దాటితే రాబర్ట్స్ పార్కు. 1871లో తెరిచారు, తర్వాతి యజమాని రాబర్ట్స్ 1920లో దాన్ని నగరానికి ఇచ్చేశాడు. సాల్ట్ విగ్రహం కింద అల్పాకా బొమ్మ చెక్కి ఉంది. క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లు అక్కడి మైదానం దగ్గర ఆగాలి. 1956లో ఒకే టెస్టులో 19 వికెట్లు తీసిన జిమ్ లేకర్ కుర్రాడిగా సాల్టేర్ జట్టుకు ఆడాడు. ఆ రోజు మ్యాచ్ లేదు, ఒకాయన కుక్కతో బంతి ఆట ఆడుతున్నాడు. అక్కడికి దగ్గర్లోనే కొండ మీదికి 1895 నాటి తాడు ట్రామ్ ఉంది. వాలంటీర్లు నడుపుతారు, మేము వెళ్లిన రోజు నడవలేదు.

ఓపిక ఉన్నవాళ్లు కాలువ గట్టు వెంట బింగ్లీ దాకా నడవాలి. లీడ్స్ నుంచి లివర్‌పూల్ వెళ్లే కాలువ ఇది, పొడవు 127 మైళ్లు. దారిలో ఒకచోట కాలువ వంతెనెక్కి నదిని దాటుతుంది. కింద నీళ్లు, పైన నీళ్లు, పై నీళ్లలో పడవ! బింగ్లీలో 1774 నాటి ఐదు మెట్ల లాకు ఉంది. పడవను తలుపు తర్వాత తలుపు దాటిస్తూ, నీళ్లు నింపుతూ దాదాపు 60 అడుగుల ఎత్తుకు ఎక్కిస్తారు. ధవళేశ్వరం లాకులు చూసినవాళ్లకు సంగతి వెంటనే అర్థమవుతుంది. నేనూ చెల్లీ నడిచి వెళ్లి, రైల్లో తిరిగొచ్చాం. మొత్తం ట్రిప్పులో నాకు బాగా నచ్చింది ఈ నడకే, దానికి పైసా ఖర్చు లేదు.

తిండికి బ్రాడ్‌ఫర్డ్‌కు తిరుగులేదు. సాల్టేర్ కెఫేల్లో కేకులు బాగుంటాయి కానీ రెండో పూటకు నాలుక చచ్చిపోతుంది. నగరంలో రోటీ, పప్పు, కారం, గుజరాతీల మిఠాయి, అన్నీ ఉన్నాయి. మమ్మల్ని తీసుకెళ్లిన టాక్సీ అతని కుటుంబం పాకిస్తాన్ వైపు కశ్మీర్‌లోని మీర్‌పూర్ నుంచి వచ్చింది. 1960ల్లో ఇక్కడివాళ్లు వద్దనుకున్న రాత్రి షిఫ్టులను నడిపింది అలా వచ్చినవాళ్లేనని, వాళ్ల నాన్న కూడా మిల్లు రాత్రి షిఫ్టులోనే వినికిడి పోగొట్టుకున్నాడని చెప్పాడు. వరంగల్ ఉర్దూలో అమ్మ, మీర్‌పూర్ యాసలో అతను, దారంతా మాట్లాడుకున్నారు. "మా బాపుకి గూడా ఎడమ చెవు వినబడకపోయేది" అని అమ్మ మాతో అప్పుడే మొదటిసారి చెప్పింది.

అతనే చెప్పాడు, సాంచాలు చూడాలంటే సాల్టేర్ కాదు, ఎకిల్స్‌హిల్ అనే పేటలో ఉన్న ఇండస్ట్రియల్ మ్యూజియానికి వెళ్లమని. 1875 నాటి మూర్‌సైడ్ మిల్లులో పెట్టారు. ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు. బస్సు దిగాక కొంచెం నడవాలి. బోర్డులు పాతబడ్డాయి, కెఫే అంతంతమాత్రం, మేమున్నంతసేపూ పది మంది కూడా రాలేదు. పై అంతస్తులో వడుకు యంత్రాలు, మగ్గాలు వరుసగా ఉన్నాయి. నీలం కోటు వేసుకున్న ఒక పెద్దాయన చెవులు మూసుకోమని సైగ చేసి ఒక మగ్గం ఆన్ చేశాడు. పోగును మోసే నాడె అటూ ఇటూ కొట్టుకుంటుంటే నేల అదిరింది. ఒక్క మగ్గానికే ఆ చప్పుడు! వందల మగ్గాలు ఒకేసారి నడిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోలేకపోయాను.

నేనూ చెల్లీ చెవులు మూసుకున్నాం. అమ్మ మూసుకోలేదు. ఆయన మగ్గం ఆపి, ఈమె ఎప్పుడైనా మిల్లులో పనిచేసిందా అని చెల్లిని అడిగాడు. కాదు, వాళ్ల నాన్న, ఇండియాలో, అని చెల్లి చెప్పింది. ఆయన తలూపి తెగిన పోగును ముడేయడం మొదలుపెట్టాడు.

"ఇంకోపారి నడపమను" అంది అమ్మ.

నడిపాడు.