బాడీని పంపించకముందే రేట్లు రాయించుకోండి

మా మేనత్త అంత్యక్రియలు చేయించిన కేంద్రానికి ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తాను, అందులో ఎక్కువ భాగం అక్కడ ఫోన్ ఎత్తిన అమ్మాయికే చెందాలి. మనిషి పోయిన గంటలో ఎవరూ నాలుగు చోట్ల వాకబు చేయరు. ఆస్పత్రిలో ఎవరో ఇచ్చిన నంబరుకో, ఇంతకుముందు ఇంట్లో ఒకరికి చేయించిన చోటుకో, దగ్గరలో ఉన్నదానికో ఫోన్ చేసేస్తారు. మాకు రెండు నంబర్లు దొరికాయి. మొదటివాళ్ళు రేటు అడిగితే "ముందు బాడీ పంపండి, తర్వాత చూద్దాం" అన్నారు, మా అన్నయ్య వెంటనే ఫోన్ పెట్టేశాడు. ఒకసారి బాడీ అక్కడికి చేరాక ఇక ఎంచుకునేది ఏమీ ఉండదు, మళ్ళీ అక్కడినుంచి ఇంకోచోటికి తరలించే ఓపిక ఏ కుటుంబానికీ ఉండదు, ఆ సంగతి వాళ్ళకి బాగా తెలుసు.

రెండోచోట ఆ అమ్మాయి వాహనం, శీతల గది, హాలు, దహనం దేనికదే రాసి పంపించి, అక్కర్లేనివి తీసేయమంది. అమెరికాలో ఫోన్‌లో అడిగినా ధర చెప్పి తీరాలని 1984 నుంచే రూలుంది, బ్రిటన్‌లో 2021 నుంచి అందరూ ఒకే నమూనాలో ధరల పట్టీ పెట్టాలి. అలాంటి రూల్ లేనిచోట మనమే అడిగి రాయించుకోవాలి, అందులో మొహమాటపడటానికి ఏమీ లేదు.

తర్వాత ఆమె అడిగింది పేస్‌మేకర్ ఉందా అని. అత్తకి ఉంది. దహనం వేడికి దాని బ్యాటరీ పేలుతుందట, ముందే తీయించాలి, మా ఇంట్లో ఎవరికీ ఆ ఆలోచనే లేదు. తొందరేం లేదు, 4 డిగ్రీల గదిలో ఉంచుతాం, దూరంనుంచి వచ్చేవాళ్ళని రానివ్వండి అని కూడా ఆమే చెప్పింది. ఆ మాటతో సగం టెన్షన్ తగ్గింది, విదేశంలో ఉన్న మా బావకి వాళ్ళమ్మ ఆఖరి చూపు దక్కింది.

ఒక స్టార్ తగ్గించింది హాలు వల్ల. గంట టైమ్ ఇస్తారు, అందరూ రావడం, పువ్వులు పెట్టడం, బయటికి నడవడం అన్నీ అందులోనే అయిపోవాలి. తర్వాతి కుటుంబం వరండాలో ఎదురుచూస్తూ ఉంటే, అత్త గురించి మాట్లాడాలనుకున్నవాళ్ళు మాట్లాడకుండానే లేచిపోయారు. బంధువులు ఎక్కువమంది ఉంటే రెండు స్లాట్లు కలిపి తీసుకోండి, లేదంటే రోజులో చివరిది అడగండి. వీల్‌చైర్ దారి వెనకవైపు ఉందని మాకెవరూ చెప్పలేదు, మా పెదనాన్నని ఇద్దరు పట్టుకుని ముందు మెట్లమీంచి ఎక్కించారు. సొంత చెల్లెల్ని చూడటానికి వచ్చిన పెద్దాయన్ని అంత ఇబ్బంది పెట్టడం నాకు చాలా బాధనిపించింది.

అస్థికలు అదే సాయంత్రం ఇచ్చారు. పెట్టె మీద పేరుతోపాటు ఒక నంబరు ఉంది, బాడీ అక్కడికి చేరినప్పుడు మాకిచ్చిన రసీదులోనూ అదే నంబరు, రెండూ సరిచూశాకే సంతకం పెట్టమన్నారు. మీరు ఎక్కడ చేయించినా ఆ పద్ధతి ఉందో లేదో మొదటి ఫోన్‌లోనే అడగండి.